రెండూ ఆడ కుందేళ్లే, మరి గూడెందుకు కడుతోంది?

అక్కా, మీ జగిత్యాల ఇంట్లో ఏడు నెలల ఆడ కుందేళ్లు రెండు, మొన్నటిదాకా ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవి, ఇప్పుడు ఒకటి చెయ్యి పెడితే గుర్రుమని కొరుకుతోంది, రొమ్ము మీది బొచ్చు పీకి గూడు కడుతోంది, మగది లేకుండా చూడి ఎట్లయింది అని అడిగారు.

ముందు రెండూ ఆడవేనని ఎవరు చెప్పారు? షాపువాళ్లయితే నమ్మకండి, వాళ్లు తరచూ పొరబడతారు. ఈ వయసుకు మగదానికి వృషణాలు తెలుస్తాయి, డాక్టర్‌కు ఒకసారి చూపించండి. మగదని తేలితే ఆ నిమిషమే వేరు చేయాలి. కుందేలు ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు.

రెండూ ఆడవే అయితే అది ఉత్తుత్తి చూడే. హన్మకొండలో మా కుందేలు గౌరికి అచ్చం ఇట్లనే అయింది. నోట్లో ఎండుగడ్డి అడ్డంగా పట్టుకుని, మీసాల పోలీస్ పటేల్ లెక్క ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగేది. గిన్నె తీయబోతే ముందుకాళ్లతో టపటపా కొట్టేది. కుందేలుకు బర్రె లెక్క 21 రోజులకోసారి ఎద రాదు. జతకట్టిన 10-12 గంటలకు అండం విడుదలవుతుంది. దానికి మగదే కావాలని లేదు, తోటి ఆడది మీదెక్కినా చాలు. ఇది 16-18 రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. నిజం చూడి అయితే 30-32 రోజులకు ఈనుతుంది.

అప్పటిదాకా గూడు పీకేయకండి, తీసేస్తే మళ్లీ బొచ్చు పీక్కుంటుంది. అది బయటికొచ్చాకే గిన్నె మార్చండి. రెండింటి మధ్య జాలీ పెట్టండి, ఒకదానికొకటి కనబడుతూనే ఉండాలి. కొట్లాడితే ఉత్త చేతులు అడ్డం పెట్టొద్దు, మందపాటి తువ్వాల వేయండి.

“ఒక్క ఈత అయితే నెమ్మదిస్తది” అని ఇంట్లో పెద్దలు అంటారు. వినకండి. పిల్లలున్న తల్లి ఇంకా ఎక్కువ కొరుకుతుంది, పైగా ఈనితే గర్భసంచి రోగం ఆగదు. అసలు భయం అదే. గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో 3 ఏళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ చాలా మామూలు, కొన్ని జాతుల్లో సగానికి పైగా వస్తుంది. కుక్కకు లాగా కుందేలుకు ఎదలో రక్తం పోదు. మూత్రమంతా ఒకే ఎరుపుగా ఉంటే బీట్‌రూట్ రంగో, ఆకుల రంగో కావచ్చు. విడిగా రక్తపు చుక్కలో గడ్డలో కనిపిస్తే మాత్రం గర్భసంచినే అనుమానించాలి.

ఆరు నెలలు దాటినై కాబట్టి ఆపరేషన్ చేయించవచ్చు. మన దగ్గర డాక్టర్ల చేతిలోకి ఎక్కువగా బర్రెలు, మేకలు, కుక్కలే వస్తాయి, కుందేలు అరుదు. వరంగల్ దగ్గర మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, అడిగి చూడండి. నేనైతే హైదరాబాద్‌లో చేయించిన. డాక్టర్‌ను ఒకటే అడగండి, ముందురాత్రి పస్తు ఉంచాలా అని. ఉంచాలంటే ఇంకొకరిని వెతుక్కోండి. కుందేలుకు వాంతి రానే రాదు, దాని పేగు ఆగకూడదు. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే కూడా వద్దనండి, పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికొస్తుంది. కోపం తగ్గడానికి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు పడుతుంది, రెండో రోజే ఆశించకండి.

ఆపరేషన్ ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకండి. మనకు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కుందేలుకు 30 దాటితేనే కష్టం. ఈలోగా అది తినడం మానేసి పెంటికలు వేయకపోతే, ఉత్తుత్తి చూడే కదా అని ఆగకుండా అదే పూట డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.