టెక్ సందేహాలు: ఏసీకి ఏటా గ్యాస్ నింపించాల్సిందేనా?

ప్ర: మాది ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ. కొని మూడేళ్లయింది. ప్రతి ఏప్రిల్‌లో సర్వీసింగ్‌కు వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందని చెప్పి నింపి వెళ్తున్నాడు. గ్యాస్ ఇలా ఏటా అయిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జ: అయిపోదు. బండిలో పెట్రోలులా ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. లీకు పట్టకుండా మళ్లీ నింపితే వచ్చే ఏప్రిల్‌కూ ఇదే పాట.

ముందు గ్యాస్ నిజంగా తగ్గిందో లేదో తేల్చుకోండి. చల్లదనం తగ్గిన ఏసీల్లో చాలావాటికి అసలు జబ్బు దుమ్ము. ఫిల్టర్ జాలీలు తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి బిగించండి. వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని చేయాలి. అవుట్‌డోర్ యూనిట్ వెనక కాయిల్‌కు పట్టిన దుమ్మును, ఎంసీబీ ఆపేశాక, మామూలు నీళ్ల పైపుతో కడగండి. ప్రెషర్ వాషర్ వాడితే సన్నటి అల్యూమినియం రేకులు వంగిపోయి గాలి ఆడదు.

అన్నీ ఆరాక 16 డిగ్రీలకు పెట్టి, ఫ్యాన్ హైలో పావుగంట నడపండి. మామూలు డిజిటల్ థర్మామీటర్‌తో ఇండోర్ యూనిట్ పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. గదిలో ఉక్క బాగా ఉన్నప్పుడు తేడా కాస్త తక్కువే కనిపిస్తుంది.

తేడా బాగా తక్కువుంటే అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న రెండు రాగి పైపులు చూడండి. లావు పైపుకు చెమట పట్టడం మంచి లక్షణమే. సన్న పైపు మీద తెల్లగా మంచు పేరుకుంటే గ్యాస్ తగ్గిందని గట్టిగా అనుమానించొచ్చు. పైపుల్ని బిగించే ఇత్తడి ఫ్లేర్ నట్ల చుట్టూ జిడ్డు మరక ఉంటే లీకు దాదాపు అక్కడే. కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో కలిసి తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ కారిన చోట నూనె మిగిలిపోతుంది.

అప్పుడు మెకానిక్ చేయాల్సిన పని ఇదీ: పైపుల్లో నైట్రోజన్ ఎక్కించి కనీసం అరగంట గేజు ముల్లు కదలకుండా నిలుస్తుందో లేదో చూడాలి. సబ్బునురుగు రాసి లీకు పట్టాలి. ఫ్లేర్ (నట్ కింద వెడల్పు చేసిన పైపు మూతి) పగిలితే కోసి కొత్తగా చేయాలి. తర్వాత వాక్యూమ్ పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేయాలి. తేమ మిగిలితే ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్ వైండింగ్‌ను తినేస్తుంది. పంపు తేకుండా కాస్త గ్యాస్ వదిలి దాంతోనే గాలిని తోసేసి ‘అయిపోయింది సార్’ అనేవాళ్లకు డబ్బులివ్వకండి.

చివరగా గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. ఆర్-32నా, ఆర్-410ఏనా, ఎన్ని గ్రాములన్నది అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, దాంతోపాటే ప్రెషరూ మారుతుంది. అందుకే గేజు చూసి ‘ఇంకొంచెం’ పోయడం గుడ్డి లెక్క. బిల్లులో గ్యాస్ పేరు, గ్రాములు, లీకు ఎక్కడ దొరికిందో రాయించుకోండి. ఆ మూడూ అడిగేసరికి కొందరికి గ్యాస్ సరిగానే ఉందని గుర్తొస్తుంది.

ప్ర: ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదుగా నీళ్లు కారుతున్నాయి. గత నెలలోనే సర్వీసింగ్ అయింది.
– గుంటూరు

జ: డ్రెయిన్ పైపు చివర ఎక్కడుందో చూడండి. మొక్కలకు పోద్దామని బకెట్ పెట్టి పైపు చివర అందులో ముంచేస్తుంటారు. బకెట్ నిండి పైపు మూతి నీళ్లలో మునిగితే గాలి అడ్డుపడి నీళ్లు వెనక్కి తంతాయి. పైపు మూతి ఎప్పుడూ నీటిమట్టానికి పైనే ఉండాలి. పైపు మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. ఉక్కరోజుల్లో ఈ సైజు ఏసీ గంటకు లీటరుకు పైగా నీళ్లు వదలగలదు, కాబట్టి చిన్న అడ్డమైనా వెంటనే బయటపడుతుంది.

ఏటవాలు సరిగానే ఉంటే లోపల జిగురులాంటి పాచి పట్టి ఉంటుంది. బయటి చివర నుంచి వెట్ వాక్యూమ్ క్లీనర్‌తో లాగితే ఊడొస్తుంది. లోపలికి ఊదితే మాత్రం ఆ చెత్తంతా ట్రేలోకి చేరుతుంది. మూత తెరిచినప్పుడు కాయిల్ మీద మంచు గడ్డ కట్టి కనిపిస్తే తప్పు డ్రెయిన్‌ది కాదు. ఫిల్టర్ మూసుకుపోవడమో, గ్యాస్ తగ్గడమో కారణం. గడ్డను స్క్రూడ్రైవర్‌తో గోకొద్దు, ఫ్యాన్ మోడ్‌లో కరగనివ్వండి. అన్నట్టు, ఈ నీళ్లు డిస్టిల్డ్ వాటర్ కావు. కాయిల్ దుమ్ము, లోహాల మురికి కలిసి ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయకండి.

ప్ర: త్వరగా చల్లబడాలని ముందు 18కి పెట్టి, తర్వాత 25కి మారుస్తాం. మంచిదేనా? వానాకాలంలో గదంతా జిడ్డుగా ఉంటోంది.
– విశాఖపట్నం

జ: గది 33 డిగ్రీలున్నప్పుడు 25 అడిగినా, 18 అడిగినా కంప్రెసర్ మొదట పూర్తి వేగంతోనే నడుస్తుంది. 18 వల్ల తొందరేమీ ఉండదు, మార్చడం మర్చిపోతే బిల్లు మాత్రం పెరుగుతుంది. సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) లెక్క. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలయ్యేలా నిబంధన పెట్టింది కూడా అందుకే. 26కి పెట్టి సీలింగ్ ఫ్యాన్ ఒకటిలో తిప్పి చూడండి.

జిడ్డు పోవాలంటే డ్రై మోడ్ వాడండి. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ తేమ లాగుతుంది. మండే ఎండల్లో మాత్రం అది చాలదు. సముద్రానికి దగ్గరగా ఉంటే ఉప్పుగాలి కాయిల్‌ను తినేస్తుంది. అవుట్‌డోర్ యూనిట్‌ను నెలకోసారి మంచినీళ్లతో కడిగించండి, బోరు ఉప్పునీళ్లు వద్దు.

ప్ర: అవుట్‌డోర్ పీసీబీలో బల్లి పడి బోర్డు కాలిపోయింది. మళ్లీ జరగకుండా ఏం చేయాలి?
– కరీంనగర్

జ: ఆ పెట్టె వెచ్చగా ఉంటుంది కాబట్టి బల్లులు, చీమలు చేరతాయి. వైర్లు లోపలికి వెళ్లే రంధ్రాల చుట్టూ సందులు పుట్టీతో మూయించండి. వెనక కాయిల్‌కు దోమల జాలీ మాత్రం చుట్టొద్దు, గాలి ఆగి కంప్రెసర్ వేడెక్కుతుంది. కొత్త బోర్డు వేసేటప్పుడు దానిపై రక్షణ లేపనం ఉన్నదే అడగండి. మూత మీరు తీయకండి. కరెంటు ఆపిన తర్వాత కూడా బోర్డు కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచే ఉంటుంది.

ప్ర: మాకు సెంట్రల్ ఏసీ, ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ రెండూ అటక మీదే ఉన్నాయి. నిన్న థర్మోస్టాట్ తెర మొత్తం ఆరిపోయింది. బ్యాటరీలు మార్చినా రాలేదు.
– డల్లాస్, టెక్సాస్

జ: అటక ఎక్కి, యూనిట్ కింద ఉన్న రేకు ట్రేలో నీళ్లున్నాయేమో చూడండి. డ్రెయిన్ మూసుకుపోయి ట్రే నిండితే, అందులోని ఫ్లోట్ స్విచ్ 24 వోల్టుల సరఫరాను తెంచి, కింద సీలింగ్ తడవకుండా కాపాడుతుంది. థర్మోస్టాట్ ఆ కరెంటుతోనే నడుస్తుంటే అదీ ఆరిపోతుంది. బయట డ్రెయిన్ చివర షాప్‌వ్యాక్ (నీళ్లు కూడా లాగే వాక్యూమ్ క్లీనర్) పెట్టి రెండు మూడు నిమిషాలు లాగండి, ట్రే ఖాళీ చేయండి. తర్వాత నెలకోసారి డ్రెయిన్ పైపులో కప్పు వెనిగర్ పోస్తుంటే పాచి పట్టదు.

నీళ్లు లేకపోతే ఫర్నేస్ పక్కన లైటు స్విచ్‌లా కనిపించే స్విచ్ ఎవరైనా ఆపేశారేమో, ఫర్నేస్ తలుపు సరిగా పడిందో లేదో చూడండి. ఆ తర్వాత బ్రేకర్ ఆపి, కంట్రోల్ బోర్డు మీద కారు ఫ్యూజులాంటి 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజు చూడండి. పోతే అంతే రేటింగ్‌ది వేయండి. అదీ పోతే ఎక్కడో వైరు షార్టవుతోంది, టెక్నీషియన్‌ను పిలవాల్సిందే.

అంగుళం మందం ఫిల్టర్ల విషయంలో ఎక్కువ మెర్వ్ (ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును ఆపుతుందో చెప్పే అంకె) ఉంటే మంచిదనుకోకండి. 13 వేస్తే కొన్ని సిస్టమ్‌లకు గాలి చాలక వేసవిలో కాయిల్ గడ్డకడుతుంది, చలికాలంలో ఫర్నేస్ వేడెక్కి మధ్యమధ్యలో ఆగిపోతుంది. 8 చాలు. ఫిల్టర్‌పై బాణం గుర్తు యూనిట్ వైపు ఉండాలి. చలికాలంలో ఫర్నేస్ తొలిసారి వెలిగించినప్పుడు కాలిన దుమ్ము వాసన కాసేపు వస్తుంది, అది మామూలే. వంటగ్యాస్‌లాంటి వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటకు వచ్చి, అక్కడి నుంచి ఫోన్ చేయండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా ఉండాలి.

ప్ర: ఏసీ ప్లగ్ నల్లబడి సాకెట్ కరిగింది. స్టెబిలైజర్ పెడితే సరిపోతుందా?
– నల్గొండ

జ: దానికీ స్టెబిలైజర్‌కూ సంబంధం లేదు. సాకెట్లో స్క్రూ వదులై అక్కడ వేడి పుడుతోంది. ప్లగ్, సాకెట్ రెండూ మార్చి, కాలిన వైరు కొసను కత్తిరించి బిగించాలి. ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ ఉండాలి. స్టెబిలైజర్ కావాలో వద్దో తెలియాలంటే ఏసీ మాన్యువల్‌లో వోల్టేజ్ పరిధి చూసి, సాయంత్రం ఏడూ ఎనిమిది గంటల మధ్య మీ ఇంటి వోల్టేజ్ మల్టీమీటర్‌తో కొలవండి. ఆ పరిధి దాటుతుంటేనే కొనండి.