నార్తంబ్రియాలో రాజులను వరసగా ఎందుకు దించేశారు?

8వ శతాబ్దం రెండో సగంలో నార్తంబ్రియాలో (ఇప్పటి ఉత్తర ఇంగ్లండ్ వైపున్న ఒకప్పటి రాజ్యం) ఒక్క రాజు కూడా ఎందుకు నిలవలేదు, దిగిపోయినవాళ్లు ఏమయ్యారు అని అడిగారు. చదువుకోసం న్యూకాసిల్‌లో ఉన్న రోజుల్లో ఈ పేర్లు నన్నూ బాగా తికమక పెట్టాయి. చివరికి ఒక కాగితం మీద తండ్రుల పేర్లు రాసుకున్నాక విషయం తెలిసింది: ఇది దాయాదుల పోరు.

758లో రాజు ఎడ్‌బెర్ట్ తనంతట తానే గద్దె దిగి యార్క్‌లో సన్యాసం తీసుకున్నాడు. తర్వాత రాజైన అతని కొడుకు ఓస్‌వుల్ఫ్‌ను ఏడాదికే సొంత పరివారం చంపేసింది. ఆపైన మోల్, ఆల్రెడ్, మోల్ కొడుకు ఎథెల్రెడ్, ఓస్‌వుల్ఫ్ కొడుకు ఎల్ఫ్‌వాల్డ్, ఆల్రెడ్ కొడుకు ఓస్రెడ్, మళ్లీ ఎథెల్రెడ్. చూశారా, మూడు ఇళ్ల మధ్యే గద్దె తిరుగుతోంది. తండ్రి తర్వాత కొడుకే రాజు అనే నియమం అక్కడ లేదు. రాజవంశం మాది అని చెప్పుకోగలిగి, వెనక పెద్దల బలం ఉంటే చాలు. ఆ పెద్దలను నిలుపుకోవాలంటే భూములివ్వాలి. భూములేమో మఠాలకు వెళ్లిపోతున్నాయని, సైనికులకు ఇవ్వడానికి మిగలడం లేదని ఆ కాలపు సన్యాసి, చరిత్రకారుడు బీడ్ 734లోనే యార్క్ బిషప్‌కు ఉత్తరం రాశాడు. నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం ఇదే.

దిగిపోయినవాళ్లందరినీ చంపలేదు. ఆల్రెడ్ ఉత్తరాన, ఇప్పటి స్కాట్లాండ్‌లో ఉండే పిక్టుల రాజు దగ్గరికి పారిపోయాడు. ఓస్రెడ్‌కు గుండు చేసి సన్యాసిని చేశారు. అతను మాన్ దీవికి వెళ్లి, 792లో తిరిగొచ్చి ప్రాణం పోగొట్టుకున్నాడు. పాపం, అక్కడే ఉండిపోవాల్సింది.

నన్ను బాగా కదిలించింది మాత్రం తర్వాత రాజైన ఎర్డ్‌వుల్ఫ్ కథ. 790 ప్రాంతంలో ఎథెల్రెడ్ ఆజ్ఞతో రిపన్ మఠం గేటు బయట అతన్ని నరికేశారు. చనిపోయాడనుకుని సన్యాసులు కీర్తనలు పాడుతూ మోసుకెళ్లి చర్చి బయట డేరాలో పడుకోబెట్టారు. అర్ధరాత్రి దాటాక చూస్తే చర్చి లోపల ప్రాణాలతో ఉన్నాడు! 796 ఏప్రిల్‌లో ఎథెల్రెడ్ హత్యకు గురయ్యాడు, తర్వాత వచ్చిన ఓస్‌బాల్డ్ 27 రోజులే ఉన్నాడు, మే 26న యార్క్‌లో ఎర్డ్‌వుల్ఫ్‌కే పట్టాభిషేకం జరిగింది. 806లో అతన్నీ తరిమేశారు. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ దగ్గరికి, అక్కడినుంచి రోమ్‌కు వెళ్లి, 808లో చక్రవర్తి దూతలు, పోప్ దూతలు వెంట ఉండగా తిరిగొచ్చాడు.

ఆ కథ చదివాకే రిపన్ వెళ్లాను. చర్చి పైభాగమంతా తర్వాతి కాలంలో కట్టిందే. కింద, 672 నాటి ఇరుకు నేలమాళిగ మాత్రం అలాగే ఉంది. గోడ పట్టుకుని నడుస్తుంటే గుండె వేగంగా కొట్టుకుంది. ఆ రాత్రి ఎర్డ్‌వుల్ఫ్ ఉన్న చర్చిలో మిగిలింది అదొక్కటే. మీరు ఆ వైపు వెళ్తే తప్పకుండా దిగి చూడండి.