తక్కువ డబ్బుతో తీసిన తోడేలు మనిషి సినిమాల్లో నిజంగా చూడదగ్గది ఏది? ఇన్నేళ్ళయినా దానికి అభిమానులు ఎందుకున్నారు?

నా ఓటు 'డాగ్ సోల్జర్స్'కే. 2002లో వచ్చిన బ్రిటిష్ సినిమా. రాసింది, తీసింది, ఎడిటింగ్ చేసింది నీల్ మార్షల్ ఒక్కడే. దర్శకుడిగా అతనికి అదే మొదటి సినిమా. బడ్జెట్ ఇరవై లక్షల పౌండ్ల చుట్టుపక్కల, అంటే అక్కడి లెక్కల్లో చిల్లర కిందే జమ. మీరు ప్రశ్న కింద "గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేకపోతే ఇలాంటి సినిమా ఎలా నిలబడుతుంది?" అని కూడా అడిగారు. ఇందులో తోడేళ్ళకు కంప్యూటర్ గ్రాఫిక్స్ వాడలేదు. సినిమాని నిలబెట్టింది తోడేళ్ళు కాదు, సిపాయిలు.

కథ ఇంతే. ఆరుగురు సైనికులు ట్రైనింగ్ కోసం స్కాట్లాండ్ కొండల్లో దిగుతారు. తుపాకుల్లో ఉన్నవి శబ్దం చేసే ఉత్తుత్తి తూటాలు. కొంతదూరం పోయాక ఒక స్పెషల్ ఫోర్సెస్ క్యాంపు చిందరవందరగా, నెత్తురుతో కనిపిస్తుంది. కెప్టెన్ ఒక్కడే బతికి ఉంటాడు. ఏదో తరుముతుంటే పరిగెత్తుతున్న వీళ్ళని ఒకావిడ తన బండిలో ఎక్కించుకుని అడవి మధ్యలో ఉన్న ఇంటికి తీసుకెళ్తుంది. పున్నమి రాత్రి. తెల్లారేదాకా ఆ ఇంట్లో ప్రాణాలు నిలబెట్టుకోవాలి.

మార్షల్‌ది న్యూకాజిల్. ఇప్పటి నార్తంబ్రియా యూనివర్సిటీని అతను చదువుకున్న రోజుల్లో పాలిటెక్నిక్ అనేవాళ్ళు. మనవాళ్ళు చాలామంది మాస్టర్స్‌కి వెళ్ళేది అక్కడికే, నేనూ అక్కడే చదివాను. వారాంతాల్లో ఒక రెస్టారెంటు కిచెన్‌లో పనిచేసేవాణ్ణి. అక్కడ డెలివరీ చేసే పెద్దాయన ఒకప్పుడు ఆర్మీలో ఉన్నాడు. ఈ సినిమా డీవీడీ నాకిచ్చింది ఆయనే. మా ఊరివాడు తీశాడు చూడు అన్నాడు. తోడేళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సిపాయిలు ఒకళ్ళనొకళ్ళు ఎలా ఏడిపించుకుంటారో చూడు, అచ్చం మేమూ అలాగే ఉండేవాళ్ళం అన్నాడు. రూమ్మేట్లతో కలిసి చూశాను. మాలో ఒకడికి హారర్ అంటే పడదు, మధ్యలో లేచిపోతాడనుకున్నాం. జోకుల కోసం చివరిదాకా కూర్చున్నాడు.

ఆ పెద్దాయన మరీ మరీ చెప్పిన సీన్ ఒకటుంది. రాత్రి చలిమంట చుట్టూ కూర్చుని ఒకడు ఫుట్‌బాల్ మ్యాచ్ చూడలేకపోయానని ఏడుస్తుంటాడు. ఇంగ్లండ్–జర్మనీ మ్యాచ్ మరి, మనకి ఇండియా–పాకిస్తాన్ లాంటిది. మాటల్లో భయాల గురించి వస్తుంది. అప్పుడు సార్జెంట్ వెల్స్ తన పాత దళంలో ఒకడి కథ చెప్తాడు. వాడు పిర్ర మీద సైతాను బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. మందుపాతర పేలి మనిషి తునాతునకలైపోయాడు గానీ, పచ్చబొట్టున్న తోలు ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. నవ్వాలో భయపడాలో తెలియక అందరూ నోళ్ళు మూసుకుంటారు. కెమెరా పెద్దగా ఆడదు, సంగీతం హడావుడి లేదు. వెల్స్ వేషం వేసిన షాన్ పెర్ట్‌వీ ముఖం, గొంతు, అంతే. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో పైనుంచి చచ్చిన ఆవు ఒకటి దబ్బుమని మంట మీద పడుతుంది! ఖర్చేముంది? ఒక నటుడు, నాలుగు కట్టెలు, ఒక బొమ్మ ఆవు. అయినా అక్కడినుంచి ఆ ఆరుగురూ మనవాళ్ళైపోతారు. తర్వాత ఒక్కొక్కడూ పోతుంటే గుండె కలుక్కుమంటుంది.

నేనిప్పుడు హైదరాబాద్‌లో వెబ్ సిరీస్‌లకి ఎడిటింగ్ చేస్తున్నాను. ఒకసారి రాక్షసుడి సూటు వేసుకున్న నటుడి ఫుటేజీ నా టేబుల్ మీదికి వచ్చింది. అలాంటి సూటుతో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. ఇరవై ఫ్రేములు, అంటే సెకను లోపు, చూపిస్తే జంతువు. ఇంకొంచెం ఆగితే రబ్బరు. మోచేతి దగ్గర మడత పడుతుంది, మెడ దగ్గర అతుకు కనపడుతుంది. ఆ పని మీద ఉండగానే 'డాగ్ సోల్జర్స్' మళ్ళీ పెట్టుకుని ఒక్కో కట్ ఆపి ఆపి చూశాను. తోడేలు ఎప్పుడూ గుమ్మంలో నీడగానో, పొగలో వెనకనుంచి లైటు పడుతూనో, కిటికీలోంచి దూసుకొచ్చే చెయ్యిగానో ఉంటుంది. పూర్తిగా కనిపించేలోపు షాట్ మారిపోతుంది. తోడేలు కళ్ళతో చూసినట్టు నలుపు తెలుపులో తీసిన షాట్లున్నాయి. వాటికి సూటే అక్కర్లేదు, కెమెరా పరిగెత్తితే చాలు. ఎడిటరూ దర్శకుడూ ఒక్కడే కావడం వల్ల ఈ పొదుపు స్క్రిప్టులోనే మొదలైందని నాకనిపిస్తుంది.

సూట్లు చేసింది బాబ్ కీన్ బృందం. 'హెల్‌రైజర్' అనే హారర్ సినిమాకి పనిచేసిన మనిషి. లోపల స్టంట్‌మెన్‌కి బదులు డాన్సర్లని పెట్టి, కాళ్ళకి పొడుగు కర్రకాళ్ళు కట్టారు. అందుకే ఆ తోడేళ్ళు బండగా ఊగవు. సన్నగా, పొడుగ్గా, తల వంచుకుని గుమ్మంలోంచి వస్తుంటే ఒక వయ్యారం ఉంటుంది, అదే ఎక్కువ భయపెడుతుంది.

మనిషి తోడేలుగా మారే సీన్ గురించి కూడా చెప్పాలి. 1981లో 'యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్'లో రిక్ బేకర్ ఆ మార్పుని పట్టపగల్లాంటి వెలుతుర్లో, ఎముకలు సాగుతుండగా చూపించి మేకప్ ఆస్కార్ కొట్టేశాడు. ఆ తర్వాత ఎవరు తీసినా దాంతోనే పోలుస్తారు. మార్షల్ ఆ పోటీకే పోలేదు. మారేవాడు బల్ల చాటున పడిపోతాడు, లేచేసరికి తోడేలు. కొందరు దీన్ని మోసం అంటారు. నాకైతే తెలివే.

డబ్బుకి బదులు వాడింది ఇంట్లో దొరికే సామాను. కడుపు చీలిపోయిన సార్జెంటుకి విస్కీ తాగించి సూపర్‌గ్లూతో గాయం అతికిస్తారు. ఆ కేకల మధ్యలో మత్తెక్కి వాడు వాగే వాగుడుకి నవ్వాగదు. కిచెన్‌లో స్పూన్ అనే కుర్రాడు ఒట్టి చేతులతో తోడేలుతో బాక్సింగ్‌కి దిగి, అది చాలక గిన్నెలు, పెనాలు అందుకుంటాడు. మొదటి సీన్‌లోనే ఒకమ్మాయి ప్రియుడికి కవర్లు చింపుకునే వెండి కత్తి కానుకగా ఇస్తుంది. అదెందుకో నేను చెప్పను.

స్కాట్లాండ్ కథ అన్నాను గానీ, దాదాపు షూటింగ్ అంతా లక్సెంబర్గ్‌లో జరిగింది. కెమెరా సూపర్ 16, అంటే మామూలు సినిమా ఫిల్ముకన్నా సన్నటి 16 ఎంఎం ఫిల్ము మీద తీసేది. ఆ గరుకు బొమ్మ చీకటి అడవికి బాగా నప్పింది. కెమెరామన్ సామ్ మెకర్డీ 2005లో మార్షల్ తీసిన 'ది డిసెంట్' అనే హారర్ సినిమాకీ కెమెరా పట్టాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తోడేలు ముఖం దగ్గరగా చూపించినప్పుడు బొమ్మలా బిగుసుకుని ఉంటుంది. ఇంటికి తీసుకెళ్ళిన మెగన్ పాత్ర ఆఖర్లో తిరిగే మలుపు నాకు అతకలేదు. ఆమె ముందు చేసిన పనులకీ, తర్వాత చెప్పే మాటలకీ పొంతన లేదు. ఇన్నిసార్లు చూసినా అక్కడ నాకు విసుగే.

అమెరికాలో థియేటర్లకి బదులు సై-ఫై చానెల్‌లో వేశారు. సినిమా డీవీడీల మీద, టీవీ మీద, ఒకరు ఇంకొకరికి చెప్పుకోవడం మీద బతికింది. చాలాకాలం ఒరిజినల్ నెగెటివ్, అంటే కెమెరాలో తీసిన అసలు ఫిల్ము, దొరక్క ప్రింట్లనుంచే బ్లూరే చేశారు, అందుకే పాత కాపీలు మసకగా ఉంటాయి. 2020లో ఒరిజినల్ నెగెటివ్ నుంచి చేసిన 4కే వెర్షన్ వచ్చింది. చూస్తే అదే చూడండి, చీకటి సీన్లలో ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. తర్వాతి కాలంలో నటులకొచ్చిన పేరు కూడా సినిమాకి కలిసొచ్చింది. కెప్టెన్ వేషం వేసిన లియమ్ కనింగ్‌హమ్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌లో దావోస్ అయ్యాడు. అందులో 'బ్లాక్‌వాటర్' ఎపిసోడ్ తీసింది మార్షలే. హీరో కూపర్ వేషం వేసిన కెవిన్ మెకిడ్, 'గ్రేస్ అనాటమీ' అనే ఆస్పత్రి సిరీస్ చూసేవాళ్ళకి డాక్టర్ హంట్.

2022లో వరుణ్ ధావన్ 'భేడియా' తెలుగులో 'తోడేలు' పేరుతో వచ్చింది కదా, ఆ అలవాటుతో పెద్ద పెద్ద గ్రాఫిక్స్ ఆశించి కూర్చోకండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టుకోండి. న్యూకాజిల్ యాస నాకే ఆరు నెలలకి గానీ చెవికెక్కలేదు, బూతులు మాత్రం మొదటిరోజే అర్థమయ్యాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడు చూసే సినిమా కాదు.