మా అబ్బాయి రాత్రంతా కంపైలర్ పనంటాడు, మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి కానూరులో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. రస్ట్ అనే లాంగ్వేజ్ కంపైలర్ మీద పని చేస్తున్నానంటూ రాత్రి రెండింటి దాకా కూర్చుంటాడు. పైసా రాదట. తోటివాళ్లంతా జావా కోచింగ్‌లో చేరారు. క్యాంపస్ సెలక్షన్లు దగ్గర పడుతున్నాయి, మాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?
- ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాన్పించకండి. అతను చేస్తున్నది ఏమిటో ముందు చెబుతాను.

మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్ నడపగలిగే కోడ్‌గా మార్చేది కంపైలర్. రస్ట్‌ను 2006లో గ్రేడన్ హోర్ అనే మొజిల్లా ఉద్యోగి సొంతంగా మొదలుపెట్టారు. 2015లో అందరూ వాడదగ్గ మొదటి స్థిర వెర్షన్, 1.0, వచ్చింది. 2022 డిసెంబరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోకీ అడుగుపెట్టింది. మెమరీ దగ్గర జరిగే పొరపాట్లను ప్రోగ్రాం నడవకముందే పట్టుకోవడం దీని గొప్ప. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఈ పొరపాట్లవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. పెద్ద కంపెనీలు రస్ట్ వైపు చూస్తున్నది అందుకే.

ప్రోగ్రాంలో విలువను దాచుకునే పెట్టె లాంటిది వేరియబుల్. ఒక వేరియబుల్‌లో ఉన్న విలువను, ఉదాహరణకు ఒక మనిషి పేరును, ఇంకోదానికి అప్పగించి, పాతదాన్ని మళ్లీ వాడారనుకోండి. రస్ట్ ఒప్పుకోదు, ఈ0382 అని ఎర్రర్ ఇస్తుంది. విలువ ఏ లైన్లో చేతులు మారిందో, మళ్లీ ఎక్కడ వాడారో గీత గీసి చూపిస్తుంది. కాపీ తీసుకోమని దారీ చెబుతుంది. ఇలాంటి సలహాలు ఒక్కోసారి తప్పుతాయి. వాటిని సరిచేయడం కొత్తవాళ్లకు దొరికే పనుల్లో ఒకటి. రస్ట్ కోడ్‌ను ఎవరైనా చూసి మార్పులు పంపగలిగేలా ఉంచిన సైట్ గిట్‌హబ్; అక్కడ సులువైన వాటికి 'ఈ-ఈజీ' అని లేబుల్ ఉంటుంది. మీవాడు అంత పెద్ద సోర్స్‌లో ఆ చోటు వెతకాలి, మార్చాలి, తప్పు మళ్లీ రాకుండా టెస్టు రాయాలి. అప్పుడు ఏ దేశంలోనో ఉన్న అనుభవజ్ఞులు చదివి 'ఇలా ఎందుకు రాశావు?' అని అడుగుతారు. దానికి ఇంగ్లీషులో సూటిగా జవాబివ్వాలి. మంచి ఇంటర్వ్యూలో ఎదురయ్యేదీ ఇదే ప్రశ్న. ఏ కోచింగ్‌లోనూ ఇంత సాధన దొరకదని నా గట్టి నమ్మకం.

అయితే ఒకటి అడగండి, కోపంగా కాదు: "నీ మార్పుల్లో ఎన్ని మెర్జ్ అయ్యాయి? చూపించు నాన్నా." మెర్జ్ అంటే పంపిన మార్పును ప్రాజెక్టు వాళ్లు ఒప్పుకుని అసలు కోడ్‌లో కలపడం. చిన్నవైనా అలాంటివి రెండు మూడు ఉంటే వాటి లింకులు రెజ్యూమెలో అన్నిటికన్నా పైన ఉండాలి. నెలలు గడిచినా ఒక్కటీ లేకపోతే వీడియోలు చూడటంతోనే పొద్దుపోతోందేమో కనుక్కోండి.

మీ భయం కూడా న్యాయమైనదే. క్యాంపస్‌కి వచ్చే సర్వీస్ కంపెనీలు మొదటి రౌండులో చూసేది ఆప్టిట్యూడ్, మామూలు కోడింగ్. అక్కడే ఆగిపోతే రెజ్యూమె దాకా ఎవరూ రారు. అందుకని రోజూ రెండు గంటలు వాటికి ఇవ్వాల్సిందే, పగలే. రాత్రి పన్నెండు దాటాక కంపైలర్ కూడా వద్దు.

కంపైలర్ ఉద్యోగాలు సంఖ్యలో తక్కువ, అవి కూడా హైదరాబాద్, బెంగళూరుల్లో. ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్, ఎన్విడియా లాంటి చిప్ కంపెనీలకు ఈ పని తెలిసినవాళ్లు కావాలి. అక్కడ ఎక్కువగా అడిగేది సీ ప్లస్‌ప్లస్, ఎల్ఎల్‌వీఎం. రస్ట్ వెనకాల మెషీన్ కోడ్ తయారుచేసేదీ ఎల్ఎల్‌వీఎమ్మే కాబట్టి అటు మళ్లడం కష్టం కాదు. ఎంటెక్ ఆలోచన ఉంటే గేట్ సిలబస్‌లో కంపైలర్ డిజైన్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో దీనిమీద పరిశోధనా జరుగుతోంది.

జావా కోచింగ్ ఫీజు పక్కన పెట్టారా? ముందు అతని లాప్‌టాప్ చూడండి. ఈ కంపైలర్‌ను సోర్స్ నుంచి తయారు (బిల్డ్) చేయడానికి 8 జీబీ లేదా అంతకన్నా ఎక్కువ ర్యామ్, డిస్కులో 30 జీబీకి తగ్గని ఖాళీ ఉంటే మంచిదని ప్రాజెక్టు వాళ్లే చెబుతారు. ఇక పైసా రాదన్న మాటకొస్తే, ఇలాంటి అందరికీ తెరిచిన ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లతో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం ఉంది. 18 నిండినవాళ్లు చేరవచ్చు, పని పూర్తిచేస్తే స్టైపెండ్ ఇస్తారు. 2024లో, 2025లో రస్ట్ ప్రాజెక్టు అందులో పాల్గొంది. దరఖాస్తులు మామూలుగా మార్చిలో మొదలవుతాయి. ఇప్పటినుంచే ఆ ప్రాజెక్టులోని మెంటార్లతో మాట్లాడి, తన ప్రతిపాదన వాళ్లకు చూపించుకోమనండి.