మా నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు. వెంటిలేటర్ వద్దంటున్నారు, అన్నయ్య పెట్టాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మీ నాన్నగారి మాటే. ఆయన తెలివిలో ఉండి మాట్లాడుతున్నంత వరకూ అన్నయ్యకు ఓటే లేదు.

మా పెద్దమ్మకు కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున ఆటోలో తీసుకెళ్తే మధ్యాహ్నానికి తోటకూర కాడలా వేలాడుతూ వచ్చేది. రోజంతా తాగే నీళ్ళు కూడా సీసాలో కొలిచి పెట్టేవాళ్ళం. ఒకరోజు "ఇక నన్ను ఆ మిషను ఎక్కించకండిరా, ఇంట్లోనే పోతాను" అంది. కోపంలో అన్న మాటేం కాదు, బీరువా తాళాలు కూడా కోడలి చేతిలో పెట్టేసింది. డల్లాస్‌లో ఉన్న పెద్దన్నయ్య వీడియో కాల్‌లో ఒకటే ఏడుపు. "డబ్బు నేను పంపుతా, చేయాల్సిందంతా చేయించండి." డాక్టరుగారు మంచం పక్కనే నిలబడి చిన్నన్నయ్యతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే పెద్దమ్మ, "నేనిక్కడే ఉన్నాగా బాబూ, నన్నడుగు" అంది. ఆయన నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. సంతకం చేసేది కొడుకు కదా మరి!

చివరికి ఐసీయూ, వెంటిలేటర్. ట్యూబు పీకేసుకుంటుందని రెండు చేతులూ మంచం కమ్మీలకు బ్యాండేజీ గుడ్డతో కట్టేశారు. అలాగే పోయింది. బయట బెంచీ మీద చుట్టాలు మాత్రం "హైదరాబాద్ తీసుకెళ్ళకపోయారా" అని సలహాలు. ఒక్కళ్ళు ఫ్లాస్కులో కాఫీ తెచ్చిన పాపాన పోలేదు.

దూరంగా ఉన్న కొడుకులే వెంటిలేటర్ అడుగుతారండీ. దగ్గరుండి మలమూత్రాలు ఎత్తినవాళ్ళు అడగరు. ఇది మీరు ఎక్కడైనా చూసుకోండి.

కేసులవుతాయని భయపడకండి. తెలివి తప్పితే తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం, అదే లివింగ్ విల్, చెల్లుతుందని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కూడా కావాలనడంతో అది పెద్ద తలనొప్పి. 2023లో ఆ బాధ తప్పించారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ఉంటే చాలు. తనకు తెలివి తప్పితే ఎవరు నిర్ణయించాలో కూడా అందులోనే రాయొచ్చు. ఆ పేరు పెద్దకొడుకుదే కానక్కర్లేదు. అప్పుడు కూడా రెండు మెడికల్ బోర్డులు, అంటే డాక్టర్ల బృందాలు, చూసి ఒప్పుకోవాలి, అందుకే కాగితం ఇప్పుడే రాయించి ఒక కాపీ డాక్టరుగారికి ఇవ్వండి. వెంటిలేటర్ వద్దన్నంత మాత్రాన ఆయాసానికి మందులు ఆపరు, పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించే వైద్యం, ఉందేమో అడగండి.

అన్నయ్యను మాత్రం వారం సెలవు పెట్టి వచ్చి నాన్నగారి పక్కన పడుకోమనండి. రాత్రి రెండింటికి ఆయనకు ఆయాసం వచ్చినప్పుడు మాట్లాడుకోవచ్చు.