మంద ఎంత ఉండాలో మే నెలను అడుగు

చిరంజీవి రవికి, మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రాజెక్టు రిపోర్టు మొత్తం చదివాను. ఐదు వందల గొర్రెలు, ఇరవై ఐదు పొట్టేళ్లు, ఎత్తు మంచె మీద షెడ్డు, సీసీ కెమెరాలు, నాలుగో ఏటికల్లా అప్పు తీరిపోవడం. అంకెలన్నీ చక్కగా కుదిరాయి. మే నెలలో ఆ మంద ఏం తింటుందో మాత్రం ఎక్కడా కనిపించలేదు. మేత ఖర్చు అని ఒక వరుస, దాని ఎదురుగా పన్నెండు నెలలకూ ఒకే అంకె. ఆ అంకె వేసినవాళ్లు మన పాలమూరు ఎండల్లో జీవాలను మేపి ఉండరు.

నిన్ను ఆపమని అక్క నాకు ఫోన్ చేసింది. నేను ఆపను. గొర్రెల్లో లాభం ఉంది. 2019 పశుగణనలో ఒక్క తెలంగాణలోనే కోటీ తొంభై లక్షల గొర్రెలు లెక్కకు వచ్చాయి. ఆ లెక్కలో దేశంలో మనదే మొదటి స్థానం, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది. ఇన్ని ఉన్నా మటన్ కొట్టు ముందు ఆదివారం క్యూ తగ్గదు. కొనేవాడు దొరకడేమో అన్న భయం ఈ పనిలో లేదు. డబ్బు పోయేది మేత దగ్గర, రోగాల దగ్గర. పొట్ట మాడిన మందకే రోగాలూ ముందు తగులుతాయి కాబట్టి, అసలు ప్రశ్న ఒక్కటే: నీ చేతిలో ఉన్న మేతకు ఎన్ని జీవాలు సరిపోతాయి?

ఆగస్టులో బీడంతా పచ్చగా ఉన్నప్పుడు చూసి మంద కొంటే ఏప్రిల్‌లో సగం తెగనమ్ముకోవాలి. అప్పుడు అమ్మేవాళ్లంతా అమ్ముతుంటారు, జీవాలు కూడా బక్కచిక్కి ఉంటాయి. అందుకని ఎండాకాలంలో ఎన్నిటిని మేపగలవో లెక్కేసి, అన్నే తల్లులను పెట్టుకో. వానాకాలంలో గడ్డి మిగిలితే ఆ నాలుగు నెలలకు పొట్టేలు పిల్లలను కొని మేపి అమ్మేయొచ్చు.

లెక్క నువ్వే వెయ్యి. ముప్పై, ముప్పై ఐదు కిలోల గొర్రె రోజుకు కిలో పైచిలుకు ఎండు మేత తింటుంది. పచ్చి మేతైతే మూడు నాలుగు కిలోలు కావాలి. ఐదు వందల తల్లులంటే రోజుకు అర టన్ను, ఏడాదికి నూట ఎనభై టన్నుల ఎండు మేత. పిల్లల సంగతి ఇంకా అనుకోలేదు. నీకున్నది ఐదెకరాలు, ఒక బోరు. సూపర్ నేపియర్ వేస్తానని రాశావు. వెయ్యి, కాదనను. కానీ ఆ గడ్డి బోరు నీళ్లు పోస్తేనే పెరుగుతుంది, మేలో నీ బోరు ఎన్ని గంటలు పోస్తుందో రిపోర్టులో లేదు. పైగా పచ్చి నేపియర్‌లో ఎక్కువ భాగం నీళ్లే. ఒక్క దానితోనే మేపితే పొట్ట కనిపిస్తుంది గానీ ఒళ్లు రాదు. దాంతోపాటు దశరథ గడ్డి, అలసంద, పిల్లిపెసర లాంటి పప్పుజాతి మేత ఉండాలి. గట్ల మీద అవిశ, సుబాబుల్, మునగ పెట్టు. అవి జీవాలు రావడానికి ఏడాది ముందే నాటాలి, లేకపోతే మొక్క లేవకముందే కొరికేస్తాయి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకు, ఎక్కువైతే బొచ్చు ఊడుతుంది, ఈతలు దెబ్బతింటాయి.

నా మాట వింటే యాభై తల్లులు, రెండు మూడు విత్తన పొట్టేళ్లతో మొదలుపెట్టు. ఎదిగే ఆడపిల్లలు కొన్ని కలిపి అరవై అనుకో. మార్చి మొదలు జూన్ రెండో వారం దాకా నూరు రోజులు. రోజుకు అరవై కిలోలు, నూరు రోజులకు ఆరు టన్నులు. ఎకరం వేరుశనగకు ఇంచుమించు టన్ను కట్టె, అంటే కాయలు తీశాక మిగిలే ఎండు మొక్క, వస్తుంది. అంటే ఆరెకరాల కట్టె నీ వామిలో ఉంటే ఆ ఎండాకాలానికి టెన్షన్ లేదు. యాసంగి వేరుశనగ పీకేటప్పుడు, జనవరి నుంచి మార్చి లోపు, చేను దగ్గరికే వెళ్లి బేరం చెయ్యి. అదే కట్టె మేలో అడిగితే వాళ్లు చెప్పిందే ధర. కంది పొట్టు, శనగ పొట్టు కూడా అప్పుడే తెచ్చుకో. వామి కింద చెమ్మ తగలకుండా రాళ్లు, కర్రలు పరిచి పైన కప్పు వెయ్యి. బూజు పట్టిన కట్టె చూలు గొర్రెకు అస్సలు పెట్టకు.

జొన్న విషయంలో ఒక జాగ్రత్త. వాన లేక వాడిపోయిన లేత జొన్న, కోసిన తర్వాత వచ్చే పిలకలు మందకు అందనీయకు. వాటిలో ఉండే నాము అనే విషం తగిలితే డాక్టరుకు ఫోన్ చేసేలోపే జీవాలు పడిపోతాయి. పత్తి చేలలోకి తోలేముందు ఆ రైతును అడుగు, చివరి మందు ఎప్పుడు కొట్టాడో. అడగడానికి మొహమాటపడితే నష్టం నీదే.

మేత కుదిరితే ఈతలను కూడా దానికి తగ్గట్టు కుదుర్చుకోవచ్చు. గొర్రె చూలు ఐదు నెలలు. జూన్, జూలైలో తొలకరి గడ్డికి ఎదకొచ్చిన తల్లులు నవంబరు, డిసెంబరులో ఈనుతాయి. అప్పుడు చేలల్లో కోత మిగులు ఉంటుంది, తల్లికి పాలు వస్తాయి, పిల్ల మార్చికల్లా మేతకు అలవాటు పడుతుంది. పొట్టేళ్లను ఏడాదంతా మందలోనే వదిలేస్తే ఎప్పుడు పడితే అప్పుడు ఈతలు వస్తాయి, ఏప్రిల్‌లో పుట్టిన పిల్లకు తల్లి దగ్గర పాలుండవు. అందుకని పొట్టేళ్లను విడిగా కట్టి, కావలసిన నెలన్నర రెండు నెలలే వదులు. వదలడానికి రెండు మూడు వారాల ముందు నుంచి తల్లులకు రోజుకు పావు కిలో దాణా పెడితే ఎక్కువ గొర్రెలు చూలు కడతాయి. మళ్లీ చూలు చివరి నెలన్నరలో పెట్టు. కడుపులో పిల్ల ముప్పావు వంతు పెరిగేది ఆ ఆఖరి రోజుల్లోనే. చాలామంది సరిగ్గా అక్కడే పొదుపు చేస్తారు, తర్వాత పిల్లలు బతకడం లేదని మందులు కొంటారు. పిల్ల పడగానే బొడ్డుకు టింక్చర్ అయోడిన్, గంట రెండు గంటల్లోపు ముర్రుపాలు. ఈ రెండూ నువ్వే దగ్గరుండి చూసుకో.

ఇక నీ రిపోర్టులో ప్రతి తల్లీ ఏడాదికి రెండు పిల్లలను ఇస్తోంది! మన గొర్రెల్లో కవలలు అరుదు. యాభై తల్లులకు నలభై ఐదు పిల్లలు పుట్టి, ఐదు పోయి, నలభై నిలిస్తే ఆ ఏడు బాగున్నట్టే. అందులో సగం పొట్టేళ్లు, సగం ఆడపిల్లలు. తల్లిని ఐదేళ్లు ఉంచుకుంటే ఏటా పది ముసలి గొర్రెలు పోవాలి, వాటి స్థానంలో పది ఆడపిల్లలు ఉండాలి. అంటే అమ్మకానికి ఇరవై పొట్టేళ్లు, పది ఆడపిల్లలు, పది ముసలివి. నీ ఆదాయం ఈ నలభై తలకాయల మీదే. దీంట్లోంచి కాపరి జీతం, దాణా, మందులు, అప్పు కిస్తీ తీసేసి చూడు. పళ్లు అరిగిపోయిన గొర్రెను, వరసగా రెండేళ్లు ఈనని గొర్రెను జాలిపడి ఉంచుకుంటే అది తినేది చూలు గొర్రె వాటా. చెవి ట్యాగు నంబరుతో పుస్తకం రాయి. ఏ తల్లి ఎప్పుడు ఈనిందో, పిల్ల మూడో నెలలో ఎంత తూగిందో రాస్తే ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో పుస్తకమే చెబుతుంది.

రోగాల గురించి పెద్ద పుస్తకం అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. చిటుకు రోగానికి తొలకరి ముందే టీకా పడాలి. లేత గడ్డి మీద విరుచుకుపడే బలమైన పిల్లలనే అది ముందు పట్టుకుంటుంది. రాత్రి బాగున్న పిల్ల తెల్లారేసరికి ఉండదు. పీపీఆర్ అనే పారుడు రోగానికి ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది, కొత్తగా పుట్టిన పిల్లలకు నాలుగో నెల దాటాక వేయించు. నీలి నాలుక టీకా వానల ముందు. పశువైద్యశాలలో మీ మండలానికి ఏది ఎప్పుడు వస్తుందో కనుక్కుని గోడకు రాసిపెట్టుకో. అవసరమైతే 1962కు ఫోన్ చెయ్యి, సంచార వైద్యశాల బండి వస్తుంది.

నట్టల దగ్గర, అంటే కడుపులో పురుగుల దగ్గర, మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, చడీచప్పుడు లేకుండా బరువు తినేసేవి అవే. వానాకాలంలో మంచు ఆరకముందే మందను వదలకు. నట్టల పిల్లలు తడి గడ్డి కొసలకు ఎక్కి కూర్చుంటాయి. పొద్దెక్కి గడ్డి ఆరాక వదులు. చెరువు అంచున, వరి మడుల్లో నత్తలుండే చోట మేపితే జలగ వ్యాధి వస్తుంది. వారానికోసారి కింది రెప్ప లాగి చూడు. ఎర్రగా ఉంటే సరే. పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా మందు తాగించాల్సిందే. అందరికీ ఒకే కొలత అంటూ వరసపెట్టి తాగించేస్తారు చూడు, అదే తప్పు. బరువుకు తక్కువ మందు పడితే నట్టలు చావవు, పైగా ఆ మందుకు అలవాటు పడిపోతాయి. బరువును బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపులో అన్నిటికన్నా బరువైన జీవం చూసి కొలత పెట్టుకో. ఆల్బెండజోల్ చూలు మొదటి నెలన్నరలో తాగించకు. ఉన్న నేలను నాలుగు ముక్కలు చేసి మార్చి మార్చి మేపితే గడ్డికీ విశ్రాంతి, నట్టల బెడదా తగ్గుతుంది. తొలకరి పడగానే తోలేయకుండా గడ్డి జానెడు లేచేదాకా ఆగు. ఆ మూడు వారాలకు కూడా కట్టె మిగిలి ఉండాలి, ఇది కూడా ఆ ఆరు టన్నుల మీద అదనంగా కలుపుకో.

జాతి గురించి అడిగావు. నెల్లూరు జోడిపి ఎత్తుగా, కంటి చుట్టూ నల్ల మచ్చలతో చూడముచ్చటగా ఉంటుంది, బరువూ వస్తుంది, కానీ దానికి మేత కూడా అంతే కావాలి. మన దక్కనీ నల్లగొర్రె చిన్నది, రాళ్లలో కూడా తిరిగి బతుకుతుంది. పలమనేరు పరిశోధన కేంద్రంలో నెల్లూరు జాతి మీద ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోంది, ఒకసారి చూసి రా. నేనైతే మన చుట్టుపక్కల మందల్లోని తల్లులనే కొని, మంచి నెల్లూరు పొట్టేలును కడతాను. పొట్టేలును రెండేళ్లకోసారి మార్చు, దాని కూతుళ్లకు అదే కట్టకూడదు. 2017లో సర్కారు గొర్రెల సంఘాల సభ్యులకు తలా ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి కూడా లారీల్లో జీవాలు వచ్చాయి కదా. దూరం నుంచి వచ్చిన జీవానికి నీళ్లు, మేత, గాలి అన్నీ మారతాయి. ఎక్కడ కొన్నా మూడు వారాలు విడిగా ఉంచి, నట్టల మందు తాగించి, టీకాలు వేయించాకే మందలో కలుపు.

అమ్మకం విషయానికొస్తే, సంతలో జత లెక్కన, కంటి అంచనా మీద బేరం సాగుతుంది. వ్యాపారి కన్ను వేల జీవాలను చూసిన కన్ను, నీది కాదు. కాటా కొనుక్కో. ఇంటి దగ్గర తూచి, బరువు తెలిసి సంతకు వెళ్లు. మాంసం జీవం బరువులో సగానికి కాస్త తక్కువే పడుతుంది, ఆ రోజు మటన్ ధర చూస్తే వ్యాపారికి ఎంత మిగులుతుందో నీకే అర్థమవుతుంది. శ్రావణం, కార్తీకాల్లో గిరాకీ మందగిస్తుంది. బోనాలు, దసరా, బక్రీదు మంచి రోజులు. బక్రీదు 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి రాబోయే కొన్నేళ్లు ఎండాకాలంలోనే ఉంటుంది. ఆ పండక్కి పాలపళ్లు పోయి పెద్ద దంతాలు వచ్చిన, కొమ్ములు చెవులు ఏ లోపం లేని పొట్టేలును అడుగుతారు, మంచి ధరే పెడతారు. కానీ దాన్ని మార్చి, ఏప్రిల్ అంతా మేపాలి. కట్టె ఉన్నవాడికే ఆ పండగ లాభం.

సబ్సిడీ గురించి. జాతీయ పశుధన పథకంలో ఐదు వందల యూనిట్‌కు యాభై శాతం, గరిష్ఠంగా 50 లక్షలు ఇస్తారన్నది నిజమే. వంద తల్లులు, ఐదు పొట్టేళ్ల యూనిట్‌కు పది లక్షల దాకా ఉంటుంది. అది రెండు విడతల్లో వస్తుంది, ముందు బ్యాంకు అప్పు, నీ సొంత డబ్బు దిగాలి. సబ్సిడీ ఉందని మంద సైజు పెంచకు. యాభైతో రెండు ఎండాకాలాలు దాటాక వందకు దరఖాస్తు పెట్టు. షెడ్డు కూడా అంతే. యూట్యూబ్‌లో ప్లాస్టిక్ పలకల నేల బాగుంటుంది, మన పొడి నేలకు గాలి ఆడే రేకుల కొట్టం, రాత్రి పడుకోవడానికి తలకు పది చదరపు అడుగుల చోటు సరిపోతుంది. మిగిలిన డబ్బు కంచెకు, కుక్కల బెడద లేకుండా జాలీకి పెట్టు. బీమా చేయించు. ప్రీమియంలో రైతు వాటా ఇప్పుడు 15 శాతమే.

కాపరిని కెమెరాతో భర్తీ చేయలేవు అల్లుడూ. నెమరు వేయని జీవాన్ని, మందలో వెనకబడిన జీవాన్ని గొల్లకురుమల ఇళ్లలో పెరిగినవాళ్లు దూరం నుంచే పట్టేస్తారు. మంచి జీతం ఇవ్వు, నిలిచిన ప్రతి పిల్ల మీద కొంత వాటా పెట్టు. మందను పొలాల్లో పడుకోబెడితే రైతులు రాత్రికింత అని ఇస్తారు, మామిడి తోటలవాళ్లు ఎరువు ట్రాక్టరు లెక్కన కొంటారు. ఆ డబ్బుతో మందుల ఖర్చు తీరిపోవచ్చు.

ఉద్యోగం ఇప్పుడే మానకు. ముందు గట్ల మీద మొక్కలు పెట్టు, మేలో బోరు రోజుకు ఎన్ని గంటలు పోస్తుందో రాసుకో, ఒక కాపరిని మాట్లాడుకో. అవి తేలాక ఫోన్ చెయ్యి, పెబ్బేరు సంతకు ఇద్దరం వెళదాం. మొదటిసారి డబ్బులు మాత్రం తీసుకురాకు.

మీ మామ