అభిప్రాయం ఎక్కడ పుట్టిందో చెప్పు

చిక్కడపల్లి, హైదరాబాద్

బిడ్డా,

బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కొత్త రచయితల సభలో చదవాలనుకుంటున్న నీ స్వపరిచయం అందింది. నీకు రాయడం వచ్చు, అందులో అనుమానం లేదు. అందుకే మొహమాటం పెట్టుకోకుండా మాట్లాడతాను.

మొదటి వాక్యంలోనే "నేను వామపక్ష భావాలున్న స్త్రీవాదిని" అన్నావు. అక్కణ్నుంచి రెండు పేజీల నిండా ప్రైవేటీకరణ, కాంట్రాక్టు ఉద్యోగాలు, అసంఘటిత కార్మికులు. చాలావరకు నేనూ ఒప్పుకునే మాటలే. కానీ ఆ రెండు పేజీలూ అయిపోయాక కూడా నువ్వెవరో నాకు తెలియలేదు. నీ పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసినా అందులో ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు.

మూడో పేజీలో, పోతూ పోతూ ఒక వాక్యం పడేశావు: "మా అమ్మ రాంనగర్‌లో ఇంటి దగ్గరే చీరలకు ఫాల్స్ కుడుతుంది." అంతే! మొన్న ఫోన్లో నువ్వే కదా చెప్పావు, అమ్మ దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంటుందని. కొట్టువాళ్లు చీటీ ఇవ్వరు కాబట్టి, వచ్చిన ప్రతి చీరకూ తేదీ వేసి, రంగు రాసి, డబ్బు ముట్టాక టిక్కు పెట్టుకుంటుందని. ఒకసారి పట్టుచీర అంచుకు మిషన్ నూనె మరక అంటిందని ఆ వారం కూలి మొత్తం పట్టేసుకున్నారని, ఆ వరసలో టిక్కుకు బదులు "ఆకుపచ్చ పట్టు, రాలేదు" అని ఎర్ర పెన్నుతో రాసుకుందని. ఇంకా ఆ పేజీ తిప్పినప్పుడల్లా నీకు కడుపు మండుతుందన్నావు. నీ రాజకీయం అక్కడుంది తల్లీ. పని చేయించుకునేవాళ్లకూ చేసేవాళ్లకూ మధ్య ఒక కాగితం ముక్క కూడా లేకపోతే ఏమవుతుందో ఆ వరస చెబుతుంది. అది చదివినవాళ్లకు నువ్వు అసంఘటిత కార్మికుల గురించి ఎందుకు మాట్లాడుతున్నావో వేరే చెప్పక్కర్లేదు. దానితో మొదలుపెట్టు.

అయితే అమ్మను అడగకుండా మాత్రం చదవొద్దు. ఆ కొట్టు నుంచి ఇంకా చీరలు వస్తున్నాయి. నీ నిజాయితీ ఆమె కూలికి ఎసరు పెట్టకూడదు. కొట్టు పేరు, వీధి పేరు, ఆనవాలు పట్టించే వివరం ఏదున్నా తీసెయ్యి. ఆమె వద్దంటే మొత్తం తీసెయ్యి, ఇంకొకటి వెతుక్కుందాం.

తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకప్పుడు వచ్చింది. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేశారో తెలుసు కదా? 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చి 354 మంది కవులను వరసగా నిలబెట్టారు. అంత మంది కళ్ల ముందు కనబడ్డాక ఆ మాట అన్నవాళ్లకు నోరు పెగలలేదు. అది పరిచయమే, వాదన కూడా అదే. నీ జీవితం గురించి నువ్వు చేయాల్సిందీ ఆ పనే.

ఇక ఊరి సంగతి. "నేను హైదరాబాదీని" అని దాటేశావు. నాన్నది సూర్యాపేట, అమ్మది విజయవాడ అని నాకు తెలుసు, సభలో వినేవాళ్లకు తెలియదు. ఈ నగరంలో "మీదెక్కడ?" అన్నది కుశలప్రశ్న మాత్రమే కాదు. నిజాం కాలంలో 1919 నాటి ఫర్మానా, అంటే రాజాజ్ఞ, 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవాణ్ని ముల్కీ, అంటే స్థానికుడు, అంది. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్లు ఉద్యోగాల్లో చేరుతున్నారని 1952లో విద్యార్థులు వీధుల్లోకి వస్తే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1956లో ఆంధ్ర, తెలంగాణ రెండు ప్రాంతాలూ కలిశాయి, 1969లో తెలంగాణలో విడిపోవాలన్న ఉద్యమం, 1972లో అదే కోరికతో ఆంధ్ర వైపు నుంచి జై ఆంధ్ర ఉద్యమం. ఇదంతా నువ్వు పుట్టకముందు చరిత్రే కావచ్చు, మీ ఇంట్లో మాత్రం ఒకే కంచం దగ్గర కూర్చుంది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డ రోజు మీ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారు? నాన్న సంతోషపడితే అమ్మ ఏమంది? అమ్మమ్మ ఫోన్ చేసిందా? అప్పటికి నీకు బడి వయసు, వినే ఉంటావు. అది రాయి. రాష్ట్ర విభజన మీద నీ అభిప్రాయం ఏదైనా సరే, ఆ రాత్రి భోజనాల తర్వాత చెబితే ఎవరైనా వింటారు.

కులం ఊసే ఎత్తలేదు. ఎత్తాలా వద్దా అన్నది నీ ఇష్టం, బలవంతం చేసే హక్కు నాకు లేదు. కానీ అద్దె ఇంటికి వెళ్తే ఓనరు ముందు అడిగిన ప్రశ్న అదేనని నువ్వే చెప్పావు. ఆ ప్రశ్నకు నాన్న ఏం జవాబిచ్చాడో, ఇల్లు దొరికిందో లేదో రాయకుండా సమానత్వం గురించి పేరా రాస్తే అది గాల్లో ఉంటుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. చివరి పేరాలో "ఆకలి తెలియనివాళ్లకు ఈ మాటలు అర్థం కావు" అని రాశావు. దయచేసి కొట్టెయ్యి. అమ్మ కష్టం నీ అభిప్రాయం ఎలా పుట్టిందో చెబుతుంది గానీ, ఆ అభిప్రాయం సరైనదని రుజువు చేయదు. ఈ తేడా మరిచిపోతే ఎదుటివాళ్ల నోరు మూయించడానికి అమ్మను వాడుకుంటున్నట్టే. తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి భూస్వామి కుటుంబంలో పుట్టి భూస్వాములతోనే పోరాడాడు. ప్రజాకవి కాళోజీ పుట్టింది ఇప్పటి కర్ణాటకలో, తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే ఈ రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటోంది. పుట్టుక మనిషిని ఎటైనా నడిపిస్తుంది.

అంత దూరం ఎందుకు, మీ అన్న లేడూ? అదే ఫాల్స్ కూలితో చదువుకున్నాడు, అదే నోట్‌బుక్ చూస్తూ పెరిగాడు, ఇవాళ నువ్వు తిట్టే పార్టీకి ఓటేస్తాడు. నీ మూడు పేజీల్లో అన్న మాటే లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, అతను ఉంటే నీ లెక్క సరిపోదు. నాకైతే ఆ సరిపోని చోటే ఆసక్తి. అతనికి ఆ ఎర్ర పెన్ను గీత చూస్తే ఏమనిపిస్తుందో అడిగావా ఎప్పుడైనా? "చట్టాలొస్తే కొట్టువాడు పనే ఇవ్వడు, అమ్మకు సొంత షాపు పెట్టించాలి" అంటాడేమో. దానికి నీ దగ్గర జవాబు ఉండాలి, ఆ జవాబే నీ రచన.

సొంత పక్షానికి అడ్డం వచ్చేవి దాచకుండా ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే "మనకు తెలియని మన చరిత్ర" చదువు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం వాళ్లు సేకరించి 1986లో వేశారు. ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివాళ్ల గొంతులున్నాయి అందులో. పోరాటం తమను మనుషుల్ని చేసిందన్న గర్వం ఉంటుంది, 1951లో విరమించాక ఇళ్లకు పోయి సంసారాలు చూసుకోమన్నప్పటి బాధా ఉంటుంది. ఒకటి చెప్పడం కోసం ఇంకొకటి మింగేయలేదు వాళ్లు. చదువుతుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

పార్టీ పేరు చెప్పాలా అని అడిగావు. సభ్యత్వం ఉంటే చెప్పాలి, వినేవాళ్లకు అది తెలుసుకునే హక్కుంది. ఓటు మాత్రమే వేస్తుంటే అది నీ రహస్యం, ఎవరడిగినా చెప్పాల్సిన పని లేదు.

ప్రైవేటీకరణ మీద రాసిన రెండు పేజీలు చింపేయకు. వాటితో వేరే వ్యాసం అవుతుంది, నేను కూర్చుని చూసిపెడతాను. ముందు అమ్మను అడుగు, అన్నతో మాట్లాడు, ఆ తర్వాత కొత్త ప్రతి పంపు.

ప్రేమతో.